బడితోటలో పండినది ఎవరిది?

1851 ఆగస్టులో ప్రష్యా ప్రభుత్వం పిల్లల తోటలను నిషేధించింది. వినడానికి విడ్డూరంగా ఉన్నా జరిగిన విషయమే. ఫ్రీడ్రిష్ ఫ్రోబెల్ అనే జర్మన్ ఉపాధ్యాయుడు 1837లో బ్లాంకెన్‌బుర్గ్ అనే చిన్న ఊళ్ళో పసివాళ్ళ కోసం ఒక బడి తెరిచి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. పిల్లల తోట అని ఆ మాటకు అర్థం. ఆయన సోదరుని కొడుకు కార్ల్ ఫ్రోబెల్ రాజకీయ భావాలను ఈయనకు అంటగట్టి, ఈ బడులు పసిమనసులకు సోషలిజాన్ని నూరిపోస్తున్నాయని ప్రభుత్వం అనుమానించింది. నిషేధం తొలగింది 1860లో. అప్పటికి ఫ్రోబెల్ కన్నుమూసి ఎనిమిదేళ్ళు.

మన వీధి వీధినా వెలసిన ఎల్‌కేజీ, యూకేజీలలోని 'జీ' ఈ గార్టెనే. మూడో అంతస్తులో, కిటికీకి ఇనుపవల బిగించిన గదిలో నడిచే 'పిల్లల తోట'ను చూసినప్పుడల్లా ఈ సంగతి గుర్తొచ్చి నవ్వాలో ఏడవాలో తెలియదు నాకు.

ఫ్రోబెల్‌కు తోట కేవలం ఉపమానం కాదు. పిల్లవాడికొక్కంటికీ ఒక చిన్న మడి ఉండేది. ఆ మడులను చుట్టుకుని అందరికీ చెందిన ఉమ్మడి మడులుండేవి. వాటిలో పూలూ వేసేవారు, కూరగాయలూ వేసేవారు. తన మడి బాగోగులు తనవి, ఉమ్మడి మడిలో చాకిరీ అందరిదీ. బడితోటలో పండినది ఎవరిది అన్న ప్రశ్నకు ఇంత సులువైన సమాధానం ఆ తరవాతి చరిత్రలో నాకు మళ్ళీ కనిపించలేదు.

ఎందుకంటే తోట బాధ్యత ప్రభుత్వాల చేతికి రాగానే లెక్క మారింది. 1869లో ఆస్ట్రియా చేసిన ప్రాథమిక విద్యాచట్టం, ఊరి స్తోమతును బట్టి ప్రతి బడికీ ఉపాధ్యాయునికొక తోట, వ్యవసాయ ప్రయోగాలకు కొంత స్థలం ఉండాలంది. ఉపాధ్యాయునికి! ఇది చదివినప్పుడు మా ఊరి బడి కళ్ళముందు మెదిలింది. పని అనుభవం పీరియడులో మేము బావి నుంచి నీళ్ళు మోసి పెంచిన వంకాయలు, ఆనపకాయలు సంచిలోకెక్కి పెద్ద మేష్టారింటికి వెళ్ళేవి. ఆయన చెడ్డవాడేమీ కాదు. బడిలో పొయ్యి లేదు, కాసినవి రెండు కిలోలు, పిల్లలు ఎనభైమంది. మరెక్కడికి పోతాయి? కానీ నన్ను ఇప్పటికీ గుచ్చేది వంకాయలు కాదు. తరగతిలో కొందరి చేతికి ఎప్పుడూ పలుగు, మరికొందరి చేతికి ఎప్పుడూ హాజరుపట్టీ వచ్చేది. ఎవరికి ఏది వచ్చేదో మన ఊళ్ళు తెలిసినవారికి నేను విప్పి చెప్పనక్కర్లేదు.

అమెరికాలో కథ ఇంకో దారి పట్టింది. 1902లో న్యూయార్కులో ఫానీ పార్సన్స్ అనే ఆవిడ, పాడుబడి ఉన్న ఒక పార్కు స్థలంలో పేటపిల్లలకు చిన్న చిన్న మడులు పంచి కూరగాయలు పెంచనిచ్చారు. మొదటి ప్రపంచయుద్ధం వచ్చేసరికి ఆ మడి కాస్తా దేశానిదయింది. 1918లో ఏర్పడిన 'బడితోటల సైన్యం'లో పిల్లలకు కెప్టెన్లు, లెఫ్టినెంట్లు అంటూ హోదాలు, బిళ్ళలు ఇచ్చారు. చేరినవారు పదిహేను లక్షలని నాటి లెక్క. యుద్ధం ముగిసింది, నిధులు ఆగాయి, సైన్యమూ చెదిరింది.

మన దేశంలో ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్నవాడు గాంధీ. 1937 అక్టోబరు 22, 23 తేదీల్లో వార్ధాలో జరిగిన విద్యాసభలో, పిల్లల చేతిపని ఫలితంతోనే ఉపాధ్యాయుల జీతాలు క్రమంగా గడవాలన్న ఆలోచన చర్చకు వచ్చింది. జాకిర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం నూలు వడకడం, వడ్రంగం, వ్యవసాయాలతోబాటు పండ్ల, కూరగాయల తోటపనినీ మూలవృత్తులలో చేర్చింది. అయితే ఆర్థికదృష్టి మితిమీరితే విద్య వెనకబడిపోతుందన్న ప్రమాదాన్ని ఆ నివేదికే హెచ్చరించింది. నయీ తాలీమ్‌ను మెచ్చుకునేవారూ తిట్టేవారూ కూడా ఈ హెచ్చరికను తరచు దాటవేస్తారు.

సేంద్రియం అన్న మాటకు కూడా మన మట్టితో చుట్టరికం ఉంది. ఆల్బర్ట్ హోవర్డ్ అనే ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు 1924 నుంచి 1931 వరకు ఇందూరులో పనిచేస్తూ, మన రైతు పెంటకుప్పను శాస్త్రబద్ధం చేశాడు. చెత్త, పేడ, పశువుల పంచితం ఇంకిన మట్టి, కట్టెల బూడిద పొరలుపొరలుగా పేర్చడం, తడి ఆరకుండా చూడడం, నియమంగా తిరగవేయడం: ఇంతే సంగతి. మూడు నెలల్లో ఎరువు సిద్ధం. 1931లో వెలువడిన ఆ పుస్తకం మీద హోవర్డ్‌తోబాటు యశ్వంత్ వాద్ పేరూ ఉంది. లోకం మొదటి పేరునే గుర్తుపెట్టుకుంది.

బడితోటకు పొయ్యి జతపడ్డ ఉదాహరణల్లో పేరుపొందినది 1995లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో మొదలైంది. షే పనీస్ అనే భోజనశాల నడిపే ఆలిస్ వాటర్స్ చొరవతో, మార్టిన్ లూథర్ కింగ్ పేరిట ఉన్న ఒక బడిలో ఎకరం తారునేల తవ్వించి, రసాయనాలు లేని తోట వేయించారు. పక్కనే వంటగది. పిల్లలు పెంచుతారు, వండుతారు, కలిసి కూర్చుని తింటారు. 2010లో కేట్లిన్ ఫ్లానగన్ అనే రచయిత్రి దీనిమీద నిప్పులు చెరిగారు. పొలంకూలీగా బతికిన తండ్రి, తన కొడుకు ఆ చాకిరీ తప్పించుకుంటాడని బడికి పంపితే, అక్కడా ఆకుకూరలు కోయిస్తారా అని ఆవిడ ప్రశ్న. అది మన కూలితల్లి ప్రశ్న కూడా. "కలుపు తియ్యడానికైతే నాతోనే వచ్చేవాడు గదయ్యా" అంటే ఏం చెబుతాం?

నా మట్టుకు నాకు సమాధానం వంటగదిలోనే ఉందనిపిస్తుంది. అందరూ పలుగు పట్టి, పండినది అందరి కంచాల్లోకి వస్తే అది చదువు. పని కొందరిదై, పంట మరొకరి సంచిలో పడితే అది వెట్టి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడుల్లో 2003లో వేడి మధ్యాహ్నభోజనం మొదలై, ఆ లేని పొయ్యి వచ్చింది. 2019లో కేంద్రం బడుల్లో పోషకాహార తోటల కోసం మార్గదర్శకాలు ఇచ్చింది. స్థలం లేనిచోట మేడమీదా, కుండీల్లోనూ పెంచవచ్చంది.

ఒక విషయంలో మనం అదృష్టవంతులం. చలిదేశాల్లో పంట చేతికొచ్చే వేసవిలో బడికి సెలవులు. ఇక్కడ బడి తెరిచేదే తొలకరి వేళ. జూన్ మూడో వారంలో పాదులు చేసి గోంగూర, తోటకూర, బెండ గింజలు వేస్తే, ఆకుకూరలు నెలరోజులకే పప్పులోకి వస్తాయి. ఆగస్టు రెండోవారానికి బెండ కాపు పట్టుకుంటుంది. కాకపోతే పదిహేనో తేదీన వంట ఉండదు గనక, ముదిరిపోకుండా ముందురోజే కోసేయాలి.