వాటాల వెఱ్ఱి – దాని యంతము



ఉక్కునగరమున నివసించు మనకు ఊఁదుకొలిమి సంగతి తెలియనిది కాదు. గాలి యూఁదినంతసేపు లోపలి నిప్పు ధగధగ మండును; గాలి నిలిచిన చల్లాఱును. వాటాల విపణియందలి విజృంభణమును నిట్టిదే. అచ్చట నూఁదెడు గాలి యప్పు. ఇందులకు నిదర్శనముగా మన దేశమున జరిగిన రెండు కథలు మనవి చేసెదను.

1861వ సంవత్సరమున అమెరికాలో అంతర్యుద్ధము పుట్టెను. ఇంగ్లండు మిల్లులకు అచ్చటి ప్రత్తి రాక నిలిచిపోయెను. హిందూదేశపు ప్రత్తి వెల యెక్కెను. మన తీరమున కాకినాడ రేవునుండి యెగుమతియగు ప్రత్తికి విదేశములందు ‘కోకనాడ’ యనియే పేరు. ఆ రేవు వర్తకమునకు ఈ యుద్ధము మిక్కిలి తోడ్పడెను. కాని ధనము వెల్లువగా వచ్చిపడినది బొంబాయికి. అచ్చట బ్యాంకులును కంపెనీలును పుట్టగొడుగులవలె లేచెను. సముద్రమును పూడ్చి నేల సంపాదింపఁదలఁచిన బ్యాక్‌బే కంపెనీ వాటా ముఖవిలువకు పెక్కురెట్లు పలికెను. ఈ వ్యాపారమున కెల్ల సూత్రధారి ప్రేమచందు రాయచందు.

బొంబాయి బ్యాంకు వాటాలనే తాకట్టుగా గైకొని యప్పులిచ్చెను. ఆ యప్పుతో జనులు వాటాలు కొనిరి. కొనుటచే వెల పెరిగెను. పెరిగిన వెల చూపి మరల నప్పు తెచ్చిరి. అదియుఁ జాలక వాయిదా బేరములకు దిగిరి. వానిలోఁ బెక్కింటికి గడువు 1865 జూలై 1.

1865 ఏప్రిల్ 9న దక్షిణ రాష్ట్రముల సేనాని లీ లొంగిపోయెను. ఆ వార్తతో ప్రత్తి వెల కూలెను. యుద్ధ మొకనాఁటికి ముగియునని యెఱుఁగని వర్తకుఁ డుండునా? ఎఱిఁగియు, గడువునాఁటికి చెల్లింప సొమ్ము లేక పెక్కుమంది దివాలా తీసిరి. ప్రేమచందు సంపద కరిగిపోయెను. బొంబాయి బ్యాంకు 1868లో మూఁతపడెను. శాంతివార్త నెపము మాత్రమే, పడఁగొట్టినది యప్పు.

ఇది పాతకథ యని త్రోసివేయరాదు. 1987లో హైదరాబాదున సత్యం కంప్యూటర్స్ నెలకొనెను. 2000వ సంవత్సరపు కంప్యూటరు వాటాల వెఱ్ఱిలో దాని పేరు దేశమంతట మ్రోగెను. తరువాత 2008 జనవరిలో 21,000 దాఁటిన బొంబాయి సూచి అక్టోబరులో 8,000 దిగువకు దాఁకెను. సత్యం స్థాపకులు తమ వాటాలను తాకట్టుపెట్టి ఋణములు తెచ్చియుండిరి. డిసెంబరులో వెల పడఁగా ఋణదాతలు ఆ వాటాల నమ్మివైచిరి. 2009 జనవరి 7న అధ్యక్షుఁడు రామలింగరాజు, లెక్కలలో జూపిన నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని లేఖ వ్రాసెను. ఆ యొక్కదినముననే వాటా వెలలో నాలుగింట మూఁడుపాళ్లకు మించి హరించెను. పేరు సత్యము, లెక్క యసత్యము. 2015లో విచారణ న్యాయస్థానము రాజును, మఱి తొమ్మండుగురను దోషులుగా నిర్ణయించెను.

నాఁడు ప్రత్తి, నేఁడు కంప్యూటరు. సరకు మాఱినను తాకట్టు మాఱలేదు. వాయిదా బేరములును పోలేదు. ఫ్యూచర్సు, ఆప్షన్సు అను పేరులతో ఇంటింటి చేతిఫోనులోనికి వచ్చినవి. 2021–22 మొదలు మూఁడేండ్లలో ఈ బేరములు చేసిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపడిరని సెబీ లెక్క తేల్చినది.

కావున పదవీవిరమణనాఁడు జీవితకాలపు కష్టార్జితము చేతికందుకొను సోదరులకు నా విన్నప మొక్కటి. వెల యింకెంత యెక్కునని యడుగకుఁడు. కొనుచున్నవారు ఎవరి సొమ్ముతోఁ గొనుచున్నా రని యడుగుఁడు. అరువు సొమ్ము బరువు చేటని మన పెద్దలు చెప్పిరి. కొనఁదలఁచినవారు, పోయినను ఇల్లు గడచునంత స్వంతధనముతో మాత్రమే కొనుఁడు.