పారిశ్రామిక తెర, గృహ తెర: సాగర్ ఎడమకాల్వ ప్రాంత మిల్లుల నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంత పరిశ్రమలలోని యంత్రాల తెరకు, ఇంటి టీవీ తెరకు గల భేదాన్ని చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. ఆ భేదం బొమ్మ నాణ్యతకన్నా తెర పనిచేయవలసిన స్థలంలోనూ, దానిపై ఆధారపడిన పనిలోనూ ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: పారిశ్రామిక తెర, ప్యానెల్ బోర్డు, ఉప్పుడు బియ్యం, మిర్యాలగూడ, పరిభాష.

1. ఉపోద్ఘాతం

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీరు వదిలారు. ఎడమకాల్వ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలలో వరిసాగు విస్తరించింది. వరి వెంట బియ్యపు మిల్లులు వెలిశాయి. మేళ్లచెరువు పరిసరాల సున్నపురాయి సిమెంటు పరిశ్రమను రప్పించింది. 65వ జాతీయ రహదారిపై ఉన్న సూర్యాపేట, కోదాడ ఈ ప్రాంతానికి వ్యాపార కూడళ్లు.

2. రెండు తెరల చరిత్ర

1967లోనే హైదరాబాదులో ఈసీఐఎల్ ఏర్పడింది. అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో ఎదిగిన ఆ సంస్థ అణువిద్యుత్ కేంద్రాలకు నియంత్రణ పరికరాలను, ఇళ్లకు ఈసీ టీవీలను తయారుచేసింది. ఒకే సంస్థ చేసినా వాటి ప్రయోజనాలు వేరు: ఒకటి వినోదానికి, మరొకటి యంత్రపు స్థితిని తెలపడానికి. కర్మాగారాలలో తొలుత ఉన్నవి దీపాలు, ముళ్లు, మీటలు గల ప్యానెల్ బోర్డులే. 1969 నాటి మోడికాన్ 084తో ప్రోగ్రామబుల్ కంట్రోలర్లు ప్రవేశించాయి. కాలక్రమంలో దీపాల స్థానాన్ని స్పర్శతెర ఆక్రమించింది.

3. భేదాలు

3.1 ధూళి: మిల్లులో ఊక, తవుడు గాలిలో తేలుతుంటాయి. గాలిరంధ్రాలున్న టీవీలోకి ఆ ధూళి చేరుతుంది. ఐపీ 65 స్థాయి గల పారిశ్రామిక తెర ముందుభాగం ధూళిని పూర్తిగా, నీటి ధారను హాని కలగనంతగా నిరోధిస్తుంది.

3.2 వేడి: గృహ తెరలు సాధారణంగా 40 డిగ్రీల సెల్సియస్ వరకు పనిచేసేలా రూపొందుతాయి. ఈ ప్రాంతపు వేసవి ఎండే ఆ హద్దు దాటుతుంది. బాయిలరు వేడి దానికి అదనం.

3.3 ఆయుర్దాయం: వెనుకదీపం 50,000 గంటలు మన్నే తెర, రేయింబవళ్లు వెలిగితే అయిదున్నరేళ్లకు పైగా పనిచేస్తుంది. టీవీ నమూనాలు తరచుగా మారిపోతాయి. పారిశ్రామిక తెరలకు అదే కొలతలో మారుతెర ఏళ్ల తరబడి దొరకడం ముఖ్యం.

3.4 స్పర్శ: ఒత్తిడిని గ్రహించే తెర చేతితొడుగుతో తాకినా స్పందిస్తుంది.

ఇంట్లో టీవీ ఆగితే కార్యక్రమం తప్పుతుంది. ఉప్పుడు మిల్లులో తెర ఆగి, నానుతున్న ధాన్యాన్ని సకాలంలో ఆవిరికి పంపకపోతే అది పులుస్తుంది. బియ్యం రంగు మారి ధర పడిపోతుంది.

4. భాషాకోణం

ఎర్రదీపాన్ని గుర్తించడానికి అక్షరజ్ఞానం అవసరం లేదు. తెర మాత్రం చదవమంటుంది. అందులోని హెచ్చరికలు ఇంగ్లీషులోనే ఉంటే నానుడు, ఆవిరి, ఆరుదల, నూక వంటి మాటలతో పని నేర్చిన కార్మికుడు మరొకరిపై ఆధారపడవలసి వస్తుంది. యూనికోడ్‌ను అనుమతించే నేటి తెరలలో తెలుగు హెచ్చరికలు సాధ్యమే.

5. ముగింపు

పారిశ్రామిక తెర విలువను ధూళి, వేడి, నిరంతర శ్రమ అనే ప్రమాణాలతో కొలవాలి. వాటికి చదవగలిగే భాషను కూడా చేర్చాలి. మిల్లు కార్మికుల వృత్తిపదాలను సేకరించి హెచ్చరికల పరిభాషగా రూపొందించడం తెలుగు పరిశోధకులు చేపట్టదగిన పని.