ఒకే గాట, ఒకే కుంచె

కొన్నేళ్ళ క్రితం స్టువర్టుపురం గురించి ఇంగ్లీషులో ఒక చిన్న వ్యాసం రాస్తూ, బ్రిటిష్ ప్రభుత్వం ఎరుకలవాళ్ళను 'బ్రాడ్ బ్రష్'తో చిత్రించింది అన్నాను. చదివిపెట్టిన మిత్రుడు ఆ మాట కింద గీత గీసి, పక్కన "ఇంత మెత్తగానా?" అని రాశాడు. 'టార్డ్ విత్ ద సేమ్ బ్రష్' అనాలట. రెండూ కుంచెలే కదా, ఏం తేడాలే అనుకున్నాను.

తేడా ఉంది. వెడల్పు కుంచెతో గోడకు రంగు వేసేవాడికి సన్నగీతలతో పని లేదు. వివరాలు వదిలేసి స్థూలంగా చెప్పడమన్నమాట. అది ఒక్కోసారి తప్పదు కూడా. వెయ్యేళ్ళ చరిత్రను పది పేజీల్లో చెప్పాల్సినవాడు ఇంకేం చేస్తాడు? రెండో కుంచెకు అంటింది రంగు కాదు, తారు. గొర్రెలకు పుండ్లు పడితే కాపరులు తారు పూసేవారు, ఆ మాట అక్కణ్ణుంచే వచ్చిందంటారు. ఒకడి తప్పును వాడి తోటివాళ్ళందరికీ పులమడం దాని అర్థం. మొదటిది చెప్పే తీరు గురించి, రెండోది మోపే నింద గురించి. మనం 'ఒకే గాటన కట్టడం' అంటాం. అది పశువుల కొట్టంలోంచి వచ్చిన మాట.

ఇప్పుడు చరిత్రకు వద్దాం. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చింది. ప్రభుత్వం ఒక కులాన్నో తెగనో నేరస్థ జాతి అని ప్రకటిస్తే చాలు, అందులో పుట్టినవాళ్ళంతా అనుమానితులే. ఆ ప్రకటన సరైనదా కాదా అని కోర్టులు అడగడానికి వీల్లేదు. 1911లో ఈ చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. పేర్లు నమోదు చేసుకోవాలి, వేలిముద్రలు ఇవ్వాలి. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసే అధికారం కూడా ప్రభుత్వానికి ఉంది. కొద్దికాలానికే బాపట్ల, చీరాలల మధ్య సాల్వేషన్ ఆర్మీ చేతికింద ఒక సెటిల్‌మెంట్ వెలిసింది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు.

అంతకుముందు వీళ్ళెవరు? ఎరుకలవాళ్ళలో చాలామంది గాడిదల మీదా ఎడ్ల మీదా ఉప్పు, ధాన్యం వేసుకుని కోస్తా నుంచి లోపలి ఊళ్ళకు తిరిగిన వర్తకులు. రైళ్ళు, ప్రభుత్వ ఉప్పు విధానం కలిసి ఆ బతుకుతెరువును ఎలా దెబ్బతీశాయో మీనా రాధాకృష్ణ తన 'డిజానర్డ్ బై హిస్టరీ'లో (2001) వివరంగా చూపించారు. తిరుగుడు ఆగిపోతే పొట్ట గడవదు, తిరిగితే పోలీసులకు అనుమానం. కొందరు దొంగతనాలు చేసి ఉండొచ్చు. చట్టం పట్టుకున్నది మాత్రం ఆ కొందరిని కాదు, ఉయ్యాల్లో ఉన్న బిడ్డతో సహా అందరినీ.

దీన్ని 'స్థూలంగా చిత్రించడం' అంటే ఏమవుతుంది? సర్కారు కాస్త వివరాలు మర్చిపోయిందన్నట్టు ఉంటుంది. మర్చిపోవడం కాదది, పేరుపేరునా రాసుకుని మరీ పూసిన తారు. మిత్రుడు గీత గీసింది అందుకే.

మద్రాసులో ఆ చట్టం 1947లో రద్దయింది. దేశమంతటా పోయేసరికి 1952. ఊరి పేరుకు అంటిన మరక అంత త్వరగా పోలేదు. 1991లో కూడా ఆ పేరుతో దొంగల సినిమాలు తీశాం.

వ్యాసం దిద్దుతూ ఇంకో సంగతి గమనించాను. ఇంగ్లీషు మాటను 'తారు పూయబడ్డారు' అన్నట్టుగా వాడి ఊరుకోవచ్చు. పూసిందెవరో చెప్పనక్కర్లేదు. తెలుగులో 'ఒకే గాటన కట్టారు' అనగానే, ఎవరు కట్టారు అని అడుగుతారు. ప్రభుత్వం అని రాశాను. రాశాక, చిన్నప్పటి రైలు ప్రయాణాలు గుర్తొచ్చాయి. స్టువర్టుపురం స్టేషను వస్తోందనగానే పెద్దవాళ్ళు సంచులు దగ్గరకు లాక్కోమనేవారు. నేనూ లాక్కునేవాణ్ణి. అప్పటికి చట్టం లేదు, మేమే ఉన్నాం. ఆ వాక్యంలో ప్రభుత్వం పక్కన 'మేమూ' అని చేర్చాను.