బిందెకి మాటు, బకెట్‌కి అతుకు

‘మాటు’ అంటే ఏంటో మీ ఇంట్లో పిల్లలకి తెలుసా? ఇత్తడి బిందెకి చిల్లు పడితే, అక్కడ లోహం కరిగించి పూడ్చడాన్ని మాటు వేయడం అనేవాళ్లు. “బిందెలకు మాట్లు వేస్తాం” అని కేకేసుకుంటూ వీధి వీధీ తిరిగేవాళ్లు ఉండేవాళ్లు. చిన్న కొలిమి, నాలుగు పనిముట్లు, అంతే. పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టిన బిందెని చిల్లు పడిందని పారేయడం ఎవరికీ తోచేది కాదు. మరి ప్లాస్టిక్ బకెట్ పగిలితే మనకి చెత్తబుట్ట ఒక్కటే ఎందుకు గుర్తొస్తుంది? దీని వెనక ఒక చరిత్ర ఉంది. అందులో మనం ఉంటున్న బెంటన్‌విల్‌కీ వాటా ఉంది.

1933లో ఇంగ్లండ్‌లోని ఐ.సి.ఐ. కంపెనీలో ఫాసెట్, గిబ్సన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. అనుకున్నది రాలేదు గానీ, పాత్రలో తెల్లగా మైనంలాంటి పదార్థం మిగిలింది. అదే పాలిథిన్. 1953లో జర్మనీలో కార్ల్ జీగ్లర్ ఇంకా గట్టి పాలిథిన్‌ని తక్కువ ఒత్తిడిలోనే తయారుచేసే దారి కనిపెట్టాడు. మరుసటి ఏడాది ఇటలీలో జూలియో నట్టా పాలీప్రొపిలీన్ చేశాడు. 1963లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. మన ఇళ్లలోని బకెట్లు, మగ్గులు, డబ్బాలు చాలావరకు ఈ రెండు పదార్థాల పిల్లలే.

మన దేశంలో 1961లో విశాఖపట్నంలో హిందుస్థాన్ పాలిమర్స్ మొదలైంది. 1969లో వడోదరలో ప్రభుత్వ రంగ సంస్థ ఐ.పి.సి.ఎల్. వచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో కుళాయిల దగ్గర, ట్యాంకర్ల దగ్గర వరసలో రంగు రంగుల ప్లాస్టిక్ బిందెలు చేరాయి. దీన్ని తప్పుపట్టడానికి లేదు. దూరం నుంచి నీళ్లు మోసే ఆడవాళ్లకి ఇత్తడి బరువు తగ్గడం ఎంత ఊరటో మోసినవాళ్లకే తెలుసు.

పాత్ర మారింది గానీ బాగుచేసే చెయ్యి వెంటనే పోలేదు. ఎర్రగా కాల్చిన ఇనుప చువ్వతో, పాత ప్లాస్టిక్ ముక్కలతో బకెట్లకి అతుకులేసేవాళ్లు మన వీధుల్లోకి వచ్చారు. పగులు అంచులు కరిగించి, మీద అదే రకం ముక్క కరిగించి అద్దేవాళ్లు. ఇది వాళ్లు పనిలో నేర్చుకున్న విద్య. దాని వెనకున్న సూత్రం ఇదీ: పాలిథిన్, పాలీప్రొపిలీన్ వేడికి మెత్తబడతాయి, చల్లారితే మళ్లీ గట్టిపడతాయి. 1907లో బేక్‌లాండ్ కనిపెట్టిన బేకలైట్ అలా కాదు, ఒకసారి గట్టిపడితే ఇక కరగదు, మాడుతుంది. అందుకే బేకలైట్ కుక్కర్ పిడి విరిగితే మార్చుకోవాలే తప్ప అతకలేం. మెలమైన్ ప్లేటూ అంతే.

ఇప్పుడు బెంటన్‌విల్‌కి వద్దాం. శామ్ వాల్టన్ అంతకుముందు న్యూపోర్ట్ అనే ఊళ్లో కొట్టు నడిపాడు. దాని లీజు పోవడంతో 1950లో ఇక్కడికొచ్చి, ఊరి స్క్వేర్‌లో ఫైవ్ అండ్ డైమ్ కొట్టు పెట్టాడు. అప్పటికి ఈ ఊరి జనాభా మూడు వేల లోపే. న్యూపోర్ట్‌లో ఆయన నేర్చుకున్న లెక్క ఇది: 80 సెంట్లకి కొన్నదాన్ని డాలరు ఇరవై సెంట్ల బదులు డాలరుకే అమ్మితే, ఒక్కోదాని మీద లాభం తగ్గుతుంది, కానీ మూడింతలు అమ్ముడుపోయి మొత్తం లాభం పెరుగుతుంది. 1962లో పక్కనే రోజర్స్‌లో మొదటి వాల్‌మార్ట్ తెరిచింది ఈ లెక్క మీదే. మనలో ఎంతోమందిని ఈ ఊరికి తెచ్చిందీ ఆ కంపెనీ పనే.

ఆ లెక్కలో బాగుచేసేవాడికి చోటు లేదు. ఆర్కన్సాలో కనీస వేతనం 2021 నుంచి గంటకి 11 డాలర్లు. అతుకు వేయడానికి అరగంట పట్టినా కూలి అయిదున్నర డాలర్లు. అంత డబ్బుకి కొత్త బకెటే వస్తుంది. అంటే బాగుచేయడం చేతకాక ఆ పని పోలేదు, కొత్తదాని ధర మనిషి అరగంట కంటే తక్కువైపోయి పోయింది. మన ఊళ్లలోనూ ఇప్పుడు అదే జరుగుతోంది. పాత ప్లాస్టిక్ తీసుకుని ఉల్లిపాయలిచ్చే బండి వస్తోంది గానీ, అతుకు వేసే మనిషి అరుదైపోయాడు.

అయితే మన ఇంట్లో మన చేత్తో చేసుకుంటే కూలి లెక్క వర్తించదు. వస్తువు అడుగున త్రికోణంలో అంకె ఉంటుంది, 1988 నుంచి వస్తున్న పద్ధతి ఇది. 2 అంటే గట్టి పాలిథిన్, 5 అంటే పాలీప్రొపిలీన్. అతుకుకి వాడే ముక్క కూడా అదే అంకెది కావాలి, 2కి 5 అతకదు. పగులు ఇంకా పాకకుండా దాని చివర చిన్న రంధ్రం చేయండి. పగులు వెంట ‘వి’ ఆకారంలో గాడి తీయండి. సోల్డరింగ్ ఐరన్‌తో అంచులూ ముక్కా కలిసి కరిగేలా నింపండి. గట్టిదనం కావాలంటే సన్నటి స్టీలు జాలీ లోపల పొదిగి, రెండు వైపులా అతకండి. పాలిథిన్ 130, పాలీప్రొపిలీన్ 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతాయి. ప్లాస్టిక్ పొగలు కక్కుతోందంటే వేడి ఎక్కువైనట్టే.

పొగ విషయంలో మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. 3 అంకె ఉన్న పి.వి.సి. కాలితే ఆమ్ల వాయువు వస్తుంది. 6 అంటే పాలిస్టైరీన్, అది మాడితే స్టైరీన్ ఆవిరి వస్తుంది. 2020 మే 7న విశాఖలో 12 మందిని బలిగొన్నది ఆ స్టైరీన్ ఆవిరే. హిందుస్థాన్ పాలిమర్స్‌గా మొదలైన ఫ్యాక్టరీలోనే అది జరిగింది. ఈ రెండు అంకెల జోలికి పోవద్దు. మిగతావి కూడా అపార్ట్‌మెంట్ గదిలో కాకుండా బయట గాలిలో చేయండి. పెట్రోలు క్యాన్‌ని ఎప్పుడూ అతకొద్దు, అందులో మిగిలిన ఆవిరి పేలుతుంది. మనిషి బరువు మోసే స్టూలు, తాగునీటి డబ్బా కూడా వద్దు. బట్టల బుట్ట, బకెట్, మొక్కల కుండీ, పిల్లల బొమ్మబండి, ఇవి చాలు మొదలుపెట్టడానికి.

ఈసారి ఊరికి ఫోన్ చేసినప్పుడు పెద్దవాళ్లని ఒకటి అడగండి: మన వీధికి మాట్లు వేసేవాళ్లు ఆఖరుగా ఎప్పుడొచ్చారు, ఏమని కేకేసేవాళ్లు? వాళ్లేం చెప్పారో మాకు రాసి పంపండి. ఆ కేకలు ఒక్కో ఊళ్లో ఒక్కోలా ఉండేవి. అడిగి రాసిపెట్టుకోకపోతే అవి కూడా మిగలవు.