అణా టిఫిను నుంచి మన వెనక గది దాకా



పోయిన ఆదివారం మన కూటంలో కల్యాణమండపం వెనక గది మాట వచ్చింది. దాన్ని అంగడికి బాడుగకు ఇద్దామా, లేక ఉద్యోగాలకు పోయే అమ్మల పిల్లల్ని సాయంత్రం ఏడు దాకా చూసుకునే గదిగా పెడదామా అని. ఒక అన్నగారు లేచి, "మా అమ్మల కాలంలో ఆడవాళ్ళు ఇల్లు చూసుకోలేదా, పిల్లల్ని పెంచలేదా, పనికి పోలేదా? అప్పుడు ఏ గది ఉండింది?" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వేశాను. ఇంటికొచ్చినాక నిద్ర పట్టలేదు. ఆ ప్రశ్నకు జవాబు ఉంది. అది రాద్దామని కూర్చున్నాను. కొంచెం పొడుగు. ఓపిగ్గా చదవండి.

ముందే ఒక మాట. నేను చదివింది తమిళ బడిలో. తెలుగు అక్షరాలు నలభై దాటినాక నేర్చుకున్నాను, అదీ పాసు మీద తిరుపతికి పోయినప్పుడల్లా రేణిగుంట, గూడూరు స్టేషను బోర్డుల్లో కింద ఇంగ్లీషు చూసి పైన తెలుగు కూడబలుక్కుని. తప్పులుంటే సర్దుకోండి.

మాది సాత్తూరు పక్క నల్లరేగడి పల్లె. వాన పడితే పత్తి, పడకపోతే ఏమీ లేదు. ఆ సీమలో అగ్గిపెట్టెల పని ఎందుకు వేళ్ళూనుకుంది అంటే అదే కారణం: ఎండ ఎక్కువ, గాలిలో తేమ తక్కువ, చేతికి పని లేని జనం ఎక్కువ. కార్ఖానాకు పోని ఇళ్ళలో కూడా ఆ పని ఉండేది. ఏజెంటు పల్చని చెక్క పొరలు, నీలం కాగితం కట్టలు తెచ్చి వేస్తాడు. మాయమ్మ మైదా బంక కాచి, పొరను మడిచి, కాగితం అంటించి, డబ్బా చేసి ఎండలో ఆరేస్తుంది. నూట నలభై నాలుగు డబ్బాలు ఒక గ్రోసు. కూలి గ్రోసు లెక్కన. మబ్బు పడితే ఆరదు, ఆరకపోతే ఏజెంటు తీసుకోడు. ఇంటి నిండా డబ్బాలు. కాళ్ళు పెట్టడానికి చోటు లేక మేము గోడవారగా నడిచేవాళ్ళం.

పొద్దున కలుపుకు పోయేది, మధ్యాహ్నం వచ్చి వంట, సాయంత్రం నుంచి రాత్రి దీపం ఆరే దాకా డబ్బాలు. ఇది మాయమ్మ రోజు. నాకు ఐదేళ్ళు, తమ్ముడు పుట్టి మూడు నెలలు, మా అక్కకు పది. 1964. అన్నగారు అడిగిన గది అప్పుడు మా ఇంట్లో ఉండింది. దాని పేరు అక్క.

అక్క ఐదో తరగతి అయింది. టీచరమ్మ ఇంటికొచ్చి, పిల్ల లెక్కల్లో మొదటిది, ఆరుకు పంపమ్మా అని చెప్పిపోయింది. మాయమ్మ సరే అనింది. కానీ జూనులో బడి తెరిచినప్పుడు అక్క చంకలో తమ్ముడున్నాడు. ఎవరూ ఆమెను బడి మాన్పలేదు. ఎవరూ పంపనూ లేదు, అంతే. నేను పలక పట్టుకుని పోతా వెనక్కు తిరిగి చూస్తే, అక్క వాకిట్లో నిలబడి తమ్ముడి చెయ్యి పట్టి నాకు ఊపించేది.

నన్ను బడికి పంపడానికి మాయమ్మకు తీరిక ఎలా దొరికింది? నేను బడిలోనే తినేదాన్ని కాబట్టి. ఒక మధ్యాహ్నపు కంచం తగ్గింది. అందుకే నేను ఈ తిండి చరిత్రను పట్టుకున్నాను.

ఈ కథ మొదలైంది మన తెలుగాయన దగ్గరే అని మన పిల్లలకు ఎంతమందికి తెలుసు? పిట్టి త్యాగరాయ చెట్టి. దేవాంగులు, నేత కుటుంబం, జస్టిస్ పార్టీ పెట్టినవాళ్ళలో ఒకరు. చెన్నైలో టి.నగర్‌కు వెయ్యిసార్లు పోయుంటాం, ఆ 'టి' ఆయనే. ఆయన మద్రాసు కార్పొరేషను అధ్యక్షుడుగా ఉన్నప్పుడు, 1920 సెప్టెంబరు 16న, థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషను బడి పిల్లలకు టిఫిను పెట్టాలని తీర్మానం అయింది. తలకు రోజుకు ఒక అణాకు మించకూడదు. రూపాయికి పదహారు అణాల కాలం. ఆయన చెప్పిన కారణం సూటిగా ఉంది: ఆ బడి పిల్లలు మరీ పేదవాళ్ళు, అందుకే బడిలో సంఖ్య నిలబడటం లేదు. తరువాత చేత్‌పట్టు, మీర్‌సాహిబ్‌పేట వైపు ఇంకో నాలుగు బడులకు పెంచారు. ఆ ఐదు బడుల్లో 1922-23లో 811 మంది పిల్లలు. 1924-25కు 1,671. రెండేళ్ళలో రెట్టింపు దాటింది.

ఆ తరువాతి సంగతి చదివినప్పుడు నాకు కడుపు మండింది. ప్రాథమిక విద్య నిధిలోంచి ఈ టిఫిను ఖర్చు రాయకూడదు అని ప్రభుత్వం అభ్యంతరం పెట్టింది. 1925 ఏప్రిల్ 1 నుంచి ఆపేశారు. నేను ముప్పై ఆరేళ్ళు ఫైళ్ళు మోసినదాన్ని, ఈ భాష నాకు బాగా తెలుసు. పని తప్పు అని ఎవరూ అనరు. పద్దు తప్పు అంటారు. పద్దు తప్పయితే పిల్లవాడి కడుపు ఏ పద్దులోకి వస్తుందో ఫైల్లో ఉండదు. అదే ఏప్రిల్ చివర్లో త్యాగరాయ చెట్టి గారు కన్నుమూశారు. తరువాత కొంతమంది పేద పిల్లలకు మళ్ళీ మొదలైంది గానీ, రాష్ట్రమంతా అనే మాట రావడానికి ఇంకో ముప్పై ఏళ్ళు పట్టింది.

1956లో కామరాజర్ అయ్య దాన్ని పల్లెలకు తెచ్చారు. ఆయనది మా పక్క విరుదునగరే. ఆయనే చిన్నప్పుడు బడి మానినవారు. ప్రభుత్వం కొంత, ఊరు కొంత అనే ఏర్పాటు. మా పల్లెలో ఊరి వంతు ఎలా పోగయ్యేదో నాకు కళ్ళకు కట్టినట్టు ఉంది: ప్రతి ఇంట్లో వంటకు పోసే బియ్యంలోంచో చోళంలోంచో ఒక పిడికెడు తీసి కుండలో వేసిపెట్టేవాళ్ళు, వారానికొకసారి వచ్చి ఎత్తుకుపోయేవాళ్ళు. మాయమ్మ పిడికిలి చిన్నదే. కానీ వేయకుండా ఉండింది లేదు. నేను బడికి చేరేనాటికి అమెరికా నుంచి కేర్ సంస్థ పంపే పాలపొడి, గోధుమ నూక కూడా వచ్చాయి. ఆ నూక ఉప్మా వాసన ఇప్పటికీ నాకు ముక్కులో ఉంది. కొందరికి అది రోత. నాకు మటుకు ఆకలి వాసన.

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. తిండి పెట్టినా బడికి రాని పిల్లలు మా సీమలో ఉన్నారు, అందులో ఆడపిల్లలే ఎక్కువ. నేను హైస్కూలుకు పోయే రోజుల్లో తెల్లారకముందే కార్ఖానా బస్సు పల్లెల్లో తిరిగేది. చీకట్లో హారను కొడితే, పదేళ్ళ పిల్లలు సద్ది మూట పట్టుకుని కళ్ళు నలుపుకుంటా ఎక్కేవాళ్ళు. శివకాశి పిల్లల మీద సుప్రీం కోర్టు పెద్ద తీర్పు వచ్చింది 1996లో. అప్పటికి నాతో గోళీలాడిన పిల్లలకే పిల్లలు.

చట్టం లేదా అంటే ఉండింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 48వ సెక్షను, ఆరేళ్ళలోపు పిల్లలకు గది పెట్టాలని. మొదట యాభై మందికి పైగా ఆడవాళ్ళున్న చోట, 1976 నుంచి ముప్పై మందికి పైగా ఉన్న చోట. కానీ మాయమ్మ ఇంట్లో కూర్చుని అంటించింది. ఇల్లు ఫ్యాక్టరీ కాదు. మాయమ్మ ఏ చట్టానికీ కూలి మనిషి కాదు, ఇల్లు చూసుకునే ఆడమనిషి. పనీ ఇల్లూ ఒకటే గదిలో ఉంటే లెక్కలో పని కనబడదు. ఇప్పుడు మన కోడళ్ళు కంప్యూటరు ఒళ్ళో పెట్టుకుని ఇంట్లోంచే పని చేస్తుంటే, "ఇంట్లోనే ఉంది కదా" అని అత్తగార్లు అంటుంటే, నాకు ఆ నీలం కాగితాలు గుర్తొస్తాయి.

1982 జూలై 1న ఎం.జి.ఆర్. తిరుచ్చి పక్క పాప్పాకురిచ్చిలో సత్తుణవు మొదలుపెట్టారు. అందరికీ తెలిసింది బడి తిండి. నాకు పెద్దదిగా కనబడింది వేరొకటి: రెండేళ్ళ బిడ్డ నుంచి తీసుకున్నారు. రెండు నుంచి ఐదు దాకా బాలవాడీలో. అంటే చంకలో బిడ్డను ఒకరు దించుకున్నారు. అక్కలకు చెయ్యి ఖాళీ అయింది. పద్దెనిమిదేళ్ళు ముందు వచ్చుంటే మా అక్క ఆరో తరగతికి పోయుండేది.

దానికి బదులు అక్క ఆ వంటింటికి పోయింది. అప్పటికి ఆమెకు ఇరవై ఎనిమిది, భర్త పోయి రెండేళ్ళు, ఇద్దరు పిల్లలు. కేంద్రానికి ఒక నిర్వాహకురాలు, ఒక వంటామె, ఒక సహాయకురాలు. భర్త పోయినవాళ్ళకు, దిక్కులేనివాళ్ళకు ముందు ఇచ్చారు. అక్క కట్టెల పొయ్యి ముందు కూర్చుని వందమందికి సాంబారు కాచింది. జీతం అనేదానికి సరిపోని జీతం. కానీ ఆమె పిల్లలు ఆమె కళ్ళముందే తిన్నారు, ఆమె పిల్ల పన్నెండు దాకా చదివింది. బియ్యం మూటలు, పప్పు, నూనె, హాజరు, అన్నీ అక్కే లెక్క వేసేది. నిర్వాహకురాలు చివర సంతకం పెట్టేది. లెక్కల్లో మొదటిది అని టీచరమ్మ చెప్పింది ఊరికే కాదు.

నా సంగతి కొంచెం చెప్పి ముగిస్తాను. 1983లో రైల్వేలో గుమాస్తాగా చేరాను, మదురైలో. ఏ ఆఫీసో పేరు ఎందుకు. 1986లో కూతురు. అప్పుడు ప్రసవ సెలవు తొంభై రోజులే, ముందూ వెనకా కలిపి. రెండున్నర నెలల బిడ్డను వదిలి సీట్లో కూర్చుంటే పదకొండు గంటలకు పాలు పొంగి రవిక తడిసిపోయేది. చీర కొంగు రెండు మడతలు వేసుకుని ఫైలు ఎత్తి పట్టుకునేదాన్ని. మధ్యాహ్నం అరగంటలో పరుగున ఇంటికి, పాలిచ్చి, నిలబడే రెండు ముద్దలు మింగి మళ్ళీ పరుగు. ఒక రోజు పది నిమిషాలు ఆలస్యం అయితే పైవాడు అందరి ముందూ, "ఇల్లు చూసుకోవాలంటే ఇంట్లోనే ఉండొచ్చు కదమ్మా" అన్నాడు. మా ఆయన మంచివాడే, కానీ బిడ్డ ఏడిస్తే, "ఇదిగో, ఏడుస్తోంది" అని నాకు చెప్పేవాడు.

ఇంట్లో బిడ్డను ఎవరు చూశారు? మాయమ్మ. అరవై దాటినాక ఊరు, నాయనను, మేకలను వదిలి, మదురైలో గాలి రాని ఒక్క గది ఇంటికి వచ్చింది. ఏడేళ్ళు ఉండింది. నాయన చివరి రోజుల్లో ఆమె ఆయన పక్కన లేదు, నా పిల్లల పక్కన ఉంది. ఆమె ఎప్పుడూ ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆమె లేదు.

సెలవు 1997లో 135 రోజులు అయింది, 2008 సెప్టెంబరు నుంచి 180. దాంతోపాటే పిల్లల సంరక్షణ సెలవు, ఉద్యోగం మొత్తంలో 730 రోజులు, పిల్లలకు పద్దెనిమిది నిండే దాకా. ఆ సర్క్యులరు టైపు చేయించి సెక్షన్లకు పంపింది నేనే. నా చిన్నవాడికి ఆ జూనులోనే పద్దెనిమిది నిండాయి. మా సెక్షన్లో ఒక చిన్నపిల్ల మొదటి దరఖాస్తు తెచ్చి, "అక్కా, ఇది నిజంగా ఇస్తారా?" అని అడిగింది. ఇస్తారు, సంతకం ఇక్కడ పెట్టు అన్నాను.

ఇక 2022 సెప్టెంబరు 15న మదురైలోనే పొద్దుటి టిఫిను పథకం మొదలైంది. నూట రెండేళ్ళు తిరిగి అది మళ్ళీ టిఫిను దగ్గరికే వచ్చింది, త్యాగరాయ చెట్టి గారి దగ్గరికి. అమ్మ పొద్దున ఆరున్నర బస్సు పట్టాలంటే ఆ టిఫిను ఎంత బరువు దించుతుందో బస్సు పట్టినవాళ్ళకే తెలుసు.

అన్నగారూ, మీ అమ్మగారిని నాకు తెలుసు, మహాతల్లి. ఆమె మిల్లుకు పోయినప్పుడు మిమ్మల్ని ఎత్తుకున్న పెద్దక్కను కూడా నాకు తెలుసు. ఆమె ఎన్నో తరగతి దాకా చదివిందో ఈ ఆదివారం ఫోను చేసి అడగండి.

గది లెక్క నేను వేసి చూశాను. అంగడి బాడుగ మనకు నెలనెలా వచ్చేదే, కాదనను. ఇద్దరు ఆయాల జీతం, పాలు, కరెంటు కలిపి, పన్నెండు మంది పిల్లలు వస్తే తల్లుల దగ్గర తీసుకునే రుసుముతో మూడొంతులు గట్టెక్కుతుంది. మిగిలిన వంతుకు మొదటి ఏడాది నా పెన్షనులోంచి కొంత ఇస్తాను. తలా ఒక పిడికెడు వేసే ఇళ్ళు ఎన్నో చెప్పండి. కాగితం కూటానికి తెస్తాను. అక్కను కూడా తీసుకొస్తున్నాను, ఆమెకు మోకాళ్ళ నొప్పి, ముందు వరసలో ఒక కుర్చీ వేసి పెట్టండి.