ముట్లుడిగిన తరువాత ఈస్ట్రోజెన్ చికిత్స: గుంటూరు, ప్రకాశం ప్రాంతం

ముట్లు ఆగిపోయే వయసులో అండాశయాలు తయారుచేసే ఈస్ట్రోజెన్ బాగా తగ్గిపోతుంది. ఒంట్లో ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్రలేమి, యోని పొడిబారడం ఆ లోటు వల్ల వచ్చే బాధలు. వీటికి అదే హార్మోన్‌ను బిళ్ళగానో, జెల్‌గానో, పట్టీగానో, క్రీముగానో బయటినుంచి అందించడాన్ని ఈస్ట్రోజెన్ చికిత్స అంటారు. గర్భసంచి ఉన్నవారికి దీనితో పాటు ప్రొజెస్టెరాన్ కూడా ఇవ్వాలి. లేనివారికి సాధారణంగా అక్కర్లేదు. పత్తి, మిరప పండే గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో ఈ తేడాను ప్రత్యేకంగా పట్టించుకోవాలి. గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం దేశంలోకెల్లా ఎక్కువగా ఆంధ్రప్రదేశ్‌లోనే నమోదైంది.

ఇక్కడి పరిస్థితి

2015-16 నాటి నాలుగో విడత జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తొలగించినవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. దేశం మొత్తం మీద ఆపరేషన్ నాటికి మధ్యస్థ వయసు 34 ఏళ్లు. మూడింట రెండొంతుల ఆపరేషన్లు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరిగాయి.

దీని వెనకున్న క్రమం ఊళ్లలో అందరికీ తెలిసిందే. చిన్నతనంలో పెళ్లి, ఇద్దరు పిల్లలు, పాతికేళ్లు నిండేలోపే కుటుంబ నియంత్రణ ఆపరేషన్. ఆ తర్వాత కొన్నేళ్లకు తెల్లబట్ట, నడుంనొప్పి, ఆగకుండా పోయే రక్తం. ముందు ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్లు, తర్వాత టౌన్లో స్కానింగ్. అక్కడ "సంచిలో పుండుంది, వదిలేస్తే క్యాన్సరవుతుంది" అనే మాట. పిల్లలు పుట్టాక ఇక సంచితో పనేముందన్న ఆలోచన ఇంట్లోనూ ఉంటుంది, ఆసుపత్రిలోనూ ఉంటుంది. మరుగు లేని చేలో పొద్దంతా వంగి పత్తి తీసే మనిషికి నెలకు పది రోజులు రక్తం పోతుంటే కూలీ పోతుంది. యర్రగొండపాలెం, మార్కాపురం వైపునుంచి పల్నాడు మిరప కోతలకు వలసవచ్చి గుడారాల్లో ఉండే ఆడవాళ్లకు ఆ ఇబ్బంది ఇంకా ఎక్కువ. ఆపరేషన్‌కు ఒప్పుకున్నది అజ్ఞానంతోనే అనడం అన్యాయం. పెద్ద గడ్డలు, మందులకు లొంగని రక్తస్రావం, క్యాన్సర్ ఉన్నప్పుడు ఆ ఆపరేషన్ అవసరమే. అవసరం లేని చోట చేసిన ఆపరేషన్ల మీద వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పిచ్చి, కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ అమలు చేయాలని ఆదేశించింది. ఆ వ్యాజ్యం బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌ల గురించి వేసినదే అయినా ఆదేశం అన్ని రాష్ట్రాలకూ వర్తిస్తుంది.

ఆపరేషన్ తర్వాత

గర్భసంచి ఒక్కటే తీసి అండాశయాలు ఉంచితే ముట్లు ఆగుతాయి గాని హార్మోన్ వెంటనే ఆగదు. అయినా అండాశయాలు మామూలుకంటే కొన్నేళ్లు ముందే అలసిపోయే అవకాశం పెరుగుతుంది. రెండు అండాశయాలూ తీసేస్తే మాత్రం ఈస్ట్రోజెన్ ఒకటి రెండు రోజుల్లోనే పడిపోతుంది. సహజంగా నాలుగైదేళ్లలో మెల్లగా రావలసిన మార్పు అలా ఒక్కసారిగా మీద పడుతుంది, ఆవిర్లు కూడా అంత తీవ్రంగానే ఉంటాయి. మన దేశంలో ముట్లు సహజంగా ఆగే సగటు వయసు 46-47 ఏళ్లు. 35 ఏళ్లకే అండాశయాలు పోయిన మనిషి పదేళ్లకు పైగా హార్మోన్ లేకుండా బతకాలి. ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ఈ వర్గంలో తొందరగా వస్తాయి.

అందుకే డిశ్చార్జి కాగితంలో అండాశయాలు ఉంచారా, తీశారా అన్న ఒక్క వాక్యం చాలా విలువైనది. చాలామంది దగ్గర ఆ కాగితమే ఉండదు. ఉన్నా, అందులో ఏం రాశారో ఎవరూ చదివి చెప్పి ఉండరు. కాగితం లేనప్పుడు అల్ట్రాసౌండ్‌తో అండాశయాలు ఉన్నదీ లేనిదీ చూసి, అవసరమైతే అవి పనిచేస్తున్నదీ లేనిదీ తెలిపే ఎఫ్‌ఎస్‌హెచ్ రక్తపరీక్ష చేస్తారు. ముట్లు ఎలాగూ లేవు కాబట్టి వాటిని బట్టి ఏమీ చెప్పలేరు.

ఆవిరి వచ్చినప్పుడు ఛాతీలోంచి మెడకు, ముఖానికి వేడి ఎగతన్నుతుంది. ఒళ్లంతా చెమట పడుతుంది, గుండె దడదడలాడుతుంది, నిమిషాల్లో తగ్గి చలి పుడుతుంది. మార్చి ఎండలో, చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని మిరపకాయలు కోసే మనిషికి ఏది ఎండ దెబ్బో, ఏది కాయల ఘాటో, ఏది ఒంట్లోంచి వచ్చిందో తేల్చుకోవడం కష్టం. రాత్రి చల్లబడ్డాక కూడా జాకెట్టు తడిసి మెలకువ వస్తే అది ఎండ వల్ల కాదని గుర్తుపట్టవచ్చు. మామూలుగా "వేడి చేసింది" అని మజ్జిగ, సబ్జా గింజల నీళ్లు తాగుతారు. దడ ఎక్కువైతే ఈసీజీ తీయించి గ్యాస్ బిళ్ళలతో తిరిగొస్తారు.

కనిగిరి, పొదిలి, దర్శి, మార్కాపురం వైపు ఇంకో చిక్కుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ ఉన్న ప్రాంతమిది. 1937లో షార్ట్ బృందం అప్పటి నెల్లూరు జిల్లాలో ఎముకల ఫ్లోరోసిస్‌ను గుర్తించి నివేదించింది. పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు 1970లో కొత్త జిల్లా (తర్వాత ప్రకాశం) ఏర్పడేదాకా నెల్లూరులోనివే. ఫ్లోరోసిస్ ఉన్నవారి వెన్నెముక, ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కానులో గట్టిగా, సాంద్రంగా కనిపిస్తుంది. ఎముక మాత్రం పెళుసుగానే ఉండవచ్చు. ఈ ఊళ్ల స్త్రీ స్కాను నార్మల్ అని వచ్చినంత మాత్రాన ఎముకలు బాగున్నాయని తేల్చేయకూడదు. కీళ్లనొప్పులన్నీ ముట్లుడగడం వల్లేనని అనుకోకూడదు కూడా.

మందు రూపాలు

బిళ్ళల్లో ఎక్కువగా వాడేవి ఈస్ట్రడయోల్ వాలరేట్ 1 లేదా 2 మిల్లీగ్రాములు, కాంజుగేటెడ్ ఈస్ట్రోజెన్ 0.3 నుంచి 0.625 మిల్లీగ్రాములు. రెండోది, ప్రెమారిన్ పేరుతో 1942లో అమెరికాలో అనుమతి పొందినది, చూలు గుర్రాల మూత్రం నుంచి తీసిన మందు. చర్మం మీద రాసే జెల్, అంటించే పట్టీ మరో దారి. వీటిలో హార్మోన్ కాలేయాన్ని ముందుగా తాకకుండా నేరుగా రక్తంలోకి వెళ్తుంది. రక్తం గడ్డకట్టే ముప్పు తక్కువగా ఉండడానికి కారణం ఇదే. బీపీ, ఊబకాయం, మైగ్రేన్ ఉన్నవారికి వైద్యులు జెల్‌నే ఎంచుకుంటారు. పట్టీ పొత్తికడుపు కింద గానీ పిరుదు మీద గానీ అంటించాలి. చెమట ఎక్కువ పట్టే పొలం పనిలో అది ఊడిపోతుంది, కాబట్టి ఇక్కడివారికి జెల్ నయం.

యోని పొడిబారడం, మంట, మాటిమాటికీ మూత్రంలో ఇన్ఫెక్షన్ మాత్రమే ఉంటే ఒళ్లంతటికీ మందు అక్కర్లేదు. ఈస్ట్రియోల్ లాంటి క్రీమును మొదటి రెండు వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి రెండుసార్లు లోపల పెట్టుకుంటే చాలు. రక్తంలోకి వెళ్లేది అతి తక్కువ కాబట్టి దీనికి ప్రొజెస్టెరాన్ తోడు అవసరం లేదు. కోతల కాలంలో ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. మిరపలోని క్యాప్సైసిన్ నీటికి పోదు. చేతులకు ముందు నూనె పట్టించి, ఆ తర్వాత సబ్బుతో రెండుసార్లు కడుక్కోకుండా క్రీము ముట్టుకుంటే భరించలేని మంట పుడుతుంది, తప్పంతా మందు మీదికి పోతుంది.

పండక్కో తీర్థయాత్రకో ముట్టు వాయిదా వేయడానికి మందులషాపులో అడిగి తెచ్చుకునే నోరెథిస్టెరాన్ బిళ్ళకూ ఈస్ట్రోజెన్ చికిత్సకూ సంబంధం లేదు. గర్భనిరోధక బిళ్ళలోని ఈస్ట్రోజెన్ వేరు, బలం కూడా ఎక్కువ. ఇంట్లో కోడలి బిళ్ళలు అత్తకు పనికిరావు.

ఆవిర్లకు ఈస్ట్రోజెన్‌ను మించిన మందు ఇప్పటికీ లేదు. పరీక్షలన్నిటినీ కలిపి చూసిన కోక్రేన్ సమీక్షలో ఆవిర్ల సంఖ్య దాదాపు 75 శాతం తగ్గింది.

భయం ఎక్కడిది

1966లో అమెరికా వైద్యుడు రాబర్ట్ విల్సన్ రాసిన పుస్తకం ఈస్ట్రోజెన్‌ను నిత్యయౌవనానికి మందుగా ప్రచారం చేసింది. 1975లో, గర్భసంచి ఉన్నవారు ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే లోపొరకు క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని తేలింది. ప్రొజెస్టెరాన్ తోడు అప్పటినుంచి వచ్చింది.

అసలు దెబ్బ 2002 జులైలో తగిలింది. విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే అమెరికా ప్రభుత్వ పరిశోధనలో 16,608 మంది మీద ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి ఇచ్చి చూస్తున్న భాగాన్ని ముందే ఆపేశారు. ఏడాదికి పదివేల మందిలో అదనంగా 8 రొమ్ము క్యాన్సర్లు, 8 పక్షవాతాలు, 8 ఊపిరితిత్తుల గడ్డలు, 7 గుండెజబ్బు కేసులు లెక్కకొచ్చాయి. పెద్దపేగు క్యాన్సర్లు 6, తుంటి విరుపులు 5 తగ్గాయి. తగ్గినవాటి మాట ఎవరికీ చేరలేదు. పాల్గొన్నవారి సగటు వయసు 63 అన్న సంగతీ చేరలేదు. ప్రపంచమంతటా డాక్టర్లు ఈ మందు రాయడం బాగా తగ్గిపోయింది.

మన జిల్లాలకు నేరుగా సంబంధించినది ఆ పరిశోధనలోని రెండో భాగం. గర్భసంచి లేని 10,739 మందికి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చి చూసినది, 2004లో ఆపినది. అందులో పదివేల మందికి ఏడాదికి 12 పక్షవాతాలు పెరిగాయి. గుండెజబ్బు పెరగలేదు. రొమ్ము క్యాన్సర్ పెరగకపోగా కొంత తగ్గింది. 2019లో లాన్సెట్‌లో వచ్చిన పలు దేశాల పరిశీలనల సంకలనం మాత్రం ఈస్ట్రోజెన్ ఒక్కటే ఎక్కువ ఏళ్లు వాడినా కొద్దిపాటి పెరుగుదల ఉంటుందని చూపింది, కాబట్టి ఈ వాదం ముగియలేదు. అయితే భారతీయ స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ అమెరికాలో వచ్చేదాంట్లో మూడో వంతు కంటే తక్కువ. అదే నిష్పత్తిలో ముప్పు పెరిగినా కేసుల సంఖ్య అక్కడంత ఉండదు.

నలభై లోపు వయసుండి, గర్భసంచీ అండాశయాలూ లేని పల్నాడు రైతుకూలీకి 63 ఏళ్ల అమెరికన్ స్త్రీ లెక్క వర్తించదు. ఆమెకు హార్మోన్ ఇవ్వడమంటే వయసుకు ఉండవలసినది తిరిగి ఇవ్వడమే. సహజంగా ముట్లు ఆగే వయసుదాకా వాడమని అంతర్జాతీయ సంఘాలు చెబుతున్నదీ ఇందుకే. ఇక్కడి ఆడవాళ్లకు 2002 నాటి భయం అందినంత త్వరగా మందు అందలేదు. 2025 నవంబరులో అమెరికా ఎఫ్‌డీఏ ఈ మందుల మీది పెట్టెకట్టిన హెచ్చరికల్లో చాలావాటిని తొలగిస్తున్నట్టు ప్రకటించింది. గర్భసంచి ఉన్నవారు ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే వచ్చే క్యాన్సర్ గురించిన హెచ్చరికను ఉంచింది.

దుష్ప్రభావాలు

మొదటి వారాల్లో రొమ్ముల సలుపు, కడుపుబ్బరం, వికారం, తలనొప్పి, కాళ్లలో కండరాలు పట్టేయడం మామూలు. రెండు మూడు నెలల్లో తగ్గుతాయి, లేదా మోతాదు తగ్గిస్తే పోతాయి. గర్భసంచి ఉన్నవారికి మొదటి మూడు నుంచి ఆరు నెలలు చుక్కచుక్కగా రక్తం కనబడవచ్చు. ఆ తర్వాత కూడా కనబడితే, మధ్యలో ఆగి మళ్లీ మొదలైతే, లోపొరను పరీక్షించాలి. బిళ్ళలతో పిత్తాశయంలో రాళ్లు వచ్చే ముప్పు పెరుగుతుంది.

రక్తం గడ్డకట్టడం అరుదు, కాని ప్రమాదం. బిళ్ళలు వాడేవారిలో ఈ ముప్పు దాదాపు రెట్టింపు. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టడం, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పోటు, మాట తడబడడం, చూపు మసకబారడం వీటిలో ఏది వచ్చినా మందు ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. వలస కూలీలు కోతలకు వెళ్లే దూరప్రయాణాల్లో గంటల తరబడి కదలకుండా కూర్చోవడం కూడా ఈ ముప్పును పెంచేదే.

రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవారు, గుండెపోటు, పక్షవాతం, కాలి రక్తనాళాల్లో గడ్డ వచ్చినవారు, కాలేయ జబ్బు ముదిరినవారు దీన్ని వాడకూడదు. గర్భసంచి లేనివారికి ప్రొజెస్టెరాన్ అక్కర్లేదన్న మాటకు ఒక మినహాయింపు ఉంది: ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపొర లాంటి కణజాలం బయట పెరిగే జబ్బు) కారణంగా గర్భసంచి తీసినవారికి ఈస్ట్రోజెన్‌తో పాటు అదీ ఇస్తారు. మొదలుపెట్టే ముందు చూడవలసిన బీపీ, షుగరు ఊళ్లోని ఆరోగ్య కేంద్రంలోనే చూస్తారు. మామోగ్రామ్‌కు గుంటూరు, విజయవాడ, ఒంగోలు లాంటి పట్టణానికి వెళ్లాలి. గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రిలో నాట్కో క్యాన్సర్ కేంద్రం ఉంది.

హార్మోన్ వద్దనుకుంటే

వెన్లఫాక్సిన్, పారాక్సెటిన్, గాబాపెంటిన్ ఆవిర్లను కొంతవరకు తగ్గిస్తాయి. సోయా, అవిసె గింజల ప్రభావం స్వల్పం. పెద్దమనిషైన పిల్లకు చిమ్మిలి చేసిపెట్టే ఇళ్లలో ముట్లుడిగినామెకు ఏం పెట్టాలన్న ఆనవాయితీ లేదు. నువ్వుల్లో కాల్షియం దండిగా ఉంది కాబట్టి ఆ చిమ్మిలి ఆమెకూ మంచిదే, ఆవిర్లకు మాత్రం మందు కాదు.

ఎన్నాళ్లు

సహజంగా ముట్లుడిగినవారికి 60 ఏళ్లలోపు, ఆగిన పదేళ్లలోపు మొదలుపెడితే లాభం ఎక్కువ, ముప్పు తక్కువ. ఆవిర్లు సగటున ఏడేళ్లు ఉంటాయి. ఏడాదికోసారి బీపీ, రొమ్ములు చూపించుకుని కొనసాగించాలో లేదో డాక్టరుతో కలిసి తేల్చుకోవాలి. ఆపేటప్పుడు మోతాదును మెల్లగా తగ్గించడం వాడుక. అయినా దాదాపు సగం మందికి ఆవిర్లు తిరగబెడతాయి. యోని క్రీముకు ఇలాంటి గడువేమీ లేదు, ఆపితే కొన్ని వారాల్లోనే పొడిబారడం మళ్లీ మొదలవుతుంది కాబట్టి డెబ్బై దాటాక కూడా వాడుకోవచ్చు.