మూట విప్పితే దొరికే లెక్కలు

పేరు చివర ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ అని ఉండే ఎక్సెల్ ఫైల్‌ ఒకదానికి కాపీ తీసి, ఆ నాలుగక్షరాల చోట జిప్ అని పెట్టి తెరవండి. లోపల చిన్న చిన్న ఫైళ్ళ మూట కనిపిస్తుంది. పాడైన షీటులోంచి ఇవాళ మామూలు మనుషులు కూడా లెక్కలు వెలికి తీయగలుగుతున్నారంటే చాలావరకు ఈ మూట చలవే.

మొదట్లో ఈ సౌకర్యం లేదు. డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ 1979లో యాపిల్ 2 కంప్యూటర్ కోసం విజికాల్క్ అనే స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రామ్ తెచ్చారు. 1983లో లోటస్ 1-2-3, 1985లో మెకింతోష్ మీద ఎక్సెల్ వచ్చాయి. తర్వాత ఏళ్ళ తరబడి రాజ్యమేలిన ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైల్ అంతా బైనరీ. 512 బైట్ల ముక్కలు, ఏ ముక్క తర్వాత ఏది రావాలో చెప్పే పట్టిక, వెరసి ఫైల్ లోపలే ఒక ఫైల్ సిస్టమ్. పట్టిక చెడిందా, అంకెలన్నీ భద్రంగా ఉన్నా వాటిని వరసలో పెట్టడం నిపుణులకే సాధ్యం. ఆ అమరిక వివరాలను మైక్రోసాఫ్ట్ అందరికీ స్వేచ్ఛగా అందుబాటులో పెట్టింది 2008లో. అప్పటికే ఎన్ని ఆఫీసుల పద్దులు చెత్తబుట్టలో పడ్డాయో!

మలుపు వేరే చోట మొదలైంది. ఫిల్ కాట్జ్ 1989లో జిప్ పద్ధతిని తెచ్చాడు. జిప్‌లోని ప్రతి ఫైల్ ముందూ ఆయన పేరులోని పి, కె అక్షరాలు ఉంటాయి. మొత్తం విషయసూచిక మాత్రం చిట్టచివర ఉంటుంది. పెన్‌డ్రైవ్ మధ్యలో లాగేసినందుకు కాపీ సగంలో ఆగితే ముందు పోయేది ఆ సూచికే. అందుకే ఎక్సెల్ ఫైల్‌ను తెరవనంటుంది. కానీ పి, కె గుర్తులను వెతుక్కుంటూ పోతే మిగిలిన ఫైళ్ళను ఒక్కొక్కటిగా బయటికి లాగవచ్చు. జిప్ రిపేర్ సాధనాలు చేసేది అదే. 2006లో ఇసిఎంఏ-376 ప్రమాణంగా ఖరారై, ఆఫీస్ 2007తో ఇళ్ళకు చేరిన ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఈ జిప్ మీదే నిలబడింది. లోపలివి ఎక్స్‌ఎంఎల్ ఫైళ్ళు, అంటే నోట్‌ప్యాడ్‌లో చదవగలిగే అక్షరాలు. కొత్త పద్ధతితో ఫైల్ సైజు తగ్గిందని మెచ్చుకున్నవాళ్ళున్నారు. నా లెక్కలో అంతకన్నా పెద్ద మేలు ఇది.

లోపల ఏముందో ఒకసారి దగ్గర్నుంచి చూద్దాం. షీటు ఫైల్లో వరసలు పైనుంచి కిందికి రాసి ఉంటాయి. 800వ వరస మధ్యలో తెగిపోతే 799 దాకా చేతికొస్తాయి. తెగిన వరసను తీసేసి, మూయకుండా మిగిలిన ట్యాగులను మూసి, మళ్ళీ జిప్ చేస్తే చాలాసార్లు ఎక్సెల్ తెరుచుకుంటుంది. చిక్కల్లా పేర్లతోనే. ఎక్సెల్ సేవ్ చేసిన షీటులో అంకెలు గడిలోనే ఉంటాయి గానీ, మాటలు సాధారణంగా షేర్డ్ స్ట్రింగ్స్ అనే వేరే ఫైల్లో ఉంటాయి. గడిలో ఉండేది వాటి వరస సంఖ్య మాత్రమే, అదీ సున్నా నుంచి లెక్క. గడిలో 5 అని ఉంటే జాబితాలో ఆరో మాట అన్నమాట. ఆ జాబితా పోతే ఎవరెంత బాకీ ఉన్నారో అంకెలు మిగులుతాయి, బాకీ పడ్డవాళ్ళ పేర్లు మిగలవు.

తేదీలూ అంతే, అంకెల రూపంలోనే బయటపడతాయి. విండోస్ ఎక్సెల్‌లో 45292 అంటే 2024 జనవరి 1. లెక్క 1900 నుంచి మొదలవుతుంది, అదీ ఆ ఏడాది ఫిబ్రవరికి లేని 29వ తేదీని కలుపుకుని. లోటస్‌లోని ఆ పొరపాటును పాత ఫైళ్ళతో పొసగడం కోసం ఎక్సెల్ అలాగే ఉంచేసింది. పాత షీటును చేత్తో బాగుచేసేవాళ్ళు ఈ ఒక్క రోజు తేడాను గుర్తుపెట్టుకోవాలి.

ఇంత శ్రమకు ముందు ఎక్సెల్‌లోనే ఉన్న ఓపెన్ అండ్ రిపేర్‌ను, అదీ అసలు ఫైల్ మీద కాకుండా కాపీ మీద, ప్రయత్నించడం మంచిది. అది కుదరకపోతే డేటా మాత్రమే తీసివ్వమనవచ్చు. అప్పుడు విలువలు కావాలా, ఫార్ములాలు కావాలా అని అడుగుతుంది. ఫార్ములా ఉన్న గడి చివరిసారి వచ్చిన జవాబును కూడా పక్కనే దాచుకుంటుంది మరి. ముందు విలువలు తీసుకోండి. ఫార్ములాలు మళ్ళీ రాసుకోవచ్చు.